ప్రసూతిగదిలో పురుషవైద్యుడు

మన పట్టణములలో మర్యాదస్థుల యింట కోడలికి నెలలు నిండినప్పుడు ఆ యింటి పెద్దలు ఆసుపత్రినిగూర్చి వేయు మొదటి ప్రశ్న, అక్కడి డాక్టరుయొక్క అనుభవమెంత అని కాదు. అక్కడనున్నది ఆడ డాక్టరేనా అని. అవునన్న జవాబు వచ్చెనా, తక్కిన ప్రశ్నలు చాలవరకు అడుగబడవు. కాదన్న జవాబు వచ్చెనా, అడుగవలసిన యవసరమే యుండదు. ఈ యాచారము ఎంత గట్టిపడినదనగా, వైద్యకళాశాలలనుండి వెలువడు యువకులు ప్రసూతి, స్త్రీరోగముల శాఖను కోరుకొనుటకే జంకుచున్నారు. రోగులు రారనియు, ప్రైవేటు ఆసుపత్రులవారు ఆడువారినే చేర్చుకొందురనియు, తుదకు పిల్లనిచ్చువారు సైతము ముఖము చిట్లింతురనియు వారి భయము. ఈ భయము నిరాధారమని చెప్పుటకు మాకు నోరు రాదు. మనదేశమున మాత్రమే కాదు. ఒకప్పుడు దాదాపు పూర్తిగా మగవారిదైన ఈ శాఖలో అమెరికాయందు సైతము నేడు శిక్షణ పొందుచున్నవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా స్త్రీలే.

ఇట్టి విషయమును దినపత్రికలో చర్చించుట తగదని తలచు పాఠకులు కొందరుందురు. మర్యాదకు భంగము రానీయక వ్రాయుటకు మేము ప్రయత్నింతుము. కాని మౌనమువలన పోవుచున్నవి ప్రాణములని తెలిసిన పిమ్మట మౌనమునే మర్యాద యనుకొని కూర్చుండుట మాకు చేతగాదు.

వెల్లూరు వైద్యశాలను స్థాపించిన ఐడా స్కడ్డరు జీవితములోని యొక సంఘటన మనవారిలో ననేకులు వినియే యుందురు. 1890 దశాబ్దమున, ఆమె యింకను వైద్యము చదువక మునుపు, తిండివనములో తండ్రియింట నుండగా ఒక్క రాత్రిలోనే ముగ్గురు పురుషులు ఒకరి తరువాత నొకరుగా వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను రక్షింపుమని ఆమెను వేడుకొనిరి. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు మహమ్మదీయులు, మూడవవారు ఇంకొక పెద్దకులపు హిందువు. తనకు వైద్యము రాదనియు, తన తండ్రి డాక్టరనియు, ఆయనను పంపెదననియు ఆమె చెప్పెను. పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని ముగ్గురును వెనుదిరిగి పోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రియే తన జీవితమార్గమును నిర్ణయించినదని ఐడా చెప్పుకొనెను. 1899లో ఆమె అమెరికాలో వైద్యపట్టమును పొంది తిరిగివచ్చెను. 1918లో వెల్లూరున స్త్రీలకొరకు వైద్యవిద్యాలయమును తెరచెను. 1947లో అందులో పురుష విద్యార్థులును చేర్చుకొనబడిరి.

ఈ కథను చెప్పువారెల్లరు ఐడాయొక్క సంకల్పమును పొగడుదురు. అది న్యాయమే. ఆ భర్తల మూఢత్వమును నిందింతురు. అదియు కొంత న్యాయమే. అయితే మేమీ కథను విన్నప్పుడెల్ల మాకు తోచునది మరియొకటి కలదు. ఆ మూడిండ్లలో నొప్పులు పడుచున్న స్త్రీలను, 'మగ వైద్యుడు వచ్చుట నీకు సమ్మతమా' యని ఎవరైనను అడిగినట్లు ఆ కథలో నెచ్చటను లేదు. వచ్చినవారు మగవారు. వలదన్నవారు మగవారు. రానిత్తుమా యని తర్కించినది మగవారి మానమును గూర్చి. చచ్చినవారు మాత్రము ఆడువారు.

ఆ కాలమున ఈ చిక్కునకు కనిపెట్టబడిన ఉపాయము స్త్రీలనే వైద్యులుగా చేయుట. 1875లో మద్రాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. 1883లో గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లరు అను అమెరికా వైద్యురాలు ఎన్నో యేండ్లు చిన్న మందులశాలతో నెట్టుకొనివచ్చి 1898లో అచ్చట ఆసుపత్రిని తెరచెను. 1930లో ఆ యూరనే కన్నుమూసెను. 1885లో రాజప్రతినిధి భార్యయగు డఫరిన్ దొరసాని పేర స్త్రీవైద్యసహాయమునకై ఒక నిధి యేర్పడెను. హైదరాబాదులో విక్టోరియా జనానా ఆసుపత్రి వెలసెను. దాని పేరులోనే పరదా కలదు. ఈ సంస్థలవలన రక్షింపబడిన తల్లుల సంఖ్యను ఎవరు లెక్కింపగలరు? ఆ వైద్యురాండ్రకు మన జాతి ఋణపడియున్నది. అయినను ఆ యుపాయమున ఒక లోపము దాగియుండెను. గోడకు ఒక తలుపు పెట్టబడినదేకాని గోడ గోడగానే నిలిచెను. స్త్రీవైద్యురాలు దొరకినచోట స్త్రీ బ్రతుకును. దొరకనిచోట ఆమె గతి తిండివనపు రాత్రియే.

ఇది మన సనాతన సంప్రదాయమని వాదించువారికి రెండు మాటలు. పురిటిగదిలో స్త్రీలే యుండుట సంప్రదాయమన్న మాట నిజము. సుశ్రుతుడు శారీరస్థానమున, ప్రసవసమయమున వయసు మళ్లినవారును, కాన్పులు చేయుటలో నేర్పరులును, గోళ్లు తీయించుకొన్నవారును అగు నలుగురు స్త్రీలు పరిచర్య చేయవలెనని చెప్పెను. గోళ్లమాట ఎంతటి అనుభవముతో వ్రాయబడినదో మన ఆసుపత్రులవారు గమనింపవలెను. కాని ఆ సుశ్రుతుడే చికిత్సాస్థానమున, బిడ్డ అడ్డముతిరిగి ప్రసవము కానప్పుడు వైద్యుడు చేయవలసిన శస్త్రకర్మను సవిస్తరముగా బోధించెను. ఆ పని ఎంత కష్టమైనదో చెప్పి, అధిపతి యనుమతిని గైకొని మిక్కిలి జాగ్రత్తతో ఆరంభింపుమనెను. అధిపతి యనగా రాజో, ఇంటి యజమానుడో, వ్యాఖ్యాతలు తేల్చుకొందురు గాక. ఆ స్త్రీని అడుగుమని మాత్రము ఆ వాక్యమున లేదు! ఏమైనను, సుఖప్రసవము స్త్రీలచేతిలోను, ప్రాణాపాయము వైద్యునిచేతిలోను ఉండుట మన శాస్త్రమెరిగిన పద్ధతియే. మంత్రసాని ముందర మర్మము దాచినట్లని మనలో సామెత కలదు. ప్రాణము దక్కించుటకు వచ్చినవారియెదుట దాపరికము పనికిరాదని మన ముత్తవ్వలకు తెలియకపోలేదు.

ఇంకను దగ్గరి యుదాహరణము కావలెనన్న, 1887లో కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు కలరు. మద్రాసులో ఎగ్మూరు స్త్రీల, శిశువుల ఆసుపత్రికి అధిపతియై, వైద్యకళాశాలకు ప్రధానాచార్యులై, తరువాత ఇరువదియేడేండ్లు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండినవారు. ప్రసూతివైద్యమున మేనన్‌గారితో కలిసి వారు వ్రాసిన గ్రంథము కొత్త కూర్పులతో నేటికిని విద్యార్థుల చేతులలో నున్నది. తన కోడలిని ఆడ డాక్టరు తప్ప ముట్టరాదని పట్టుపట్టు అత్తగారికి, ఆ డాక్టరమ్మ చదివిన పుస్తకము మగవాడు వ్రాసినదని తెలియదు. నిలువని గర్భమును నిలుపుటకు గర్భాశయముఖమునకు వేయు కుట్టును 1955లో లోకమునకు తెలిపిన బొంబాయి వైద్యుడు శిరోద్కరుగారును పురుషుడే. ఆ కుట్టుతో నిలిచిన బిడ్డలు ఎన్ని దేశములలో తిరుగుచున్నారో!

ఇంతమాత్రమున స్త్రీల సంకోచమంతయు అజ్ఞానమని పరిహసించుటకు మేము సిద్ధముగా లేము. పరిహసించువారు ప్రసూతివైద్యచరిత్రను చదువవలెను. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతిశాలలుండెను. ఒకదానిలో డాక్టర్లు, విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు. మొదటిదానిలో సూతికాజ్వరముతో చచ్చువారు రెండవదానికంటె ఎంతయో హెచ్చు. తమ్ము మొదటిశాలలో చేర్చవలదని పేద స్త్రీలు ప్రాధేయపడుచుండిరి. వారు సిగ్గుచేత గాక భయముచేత అట్లనిరి. వారి భయమే నిజమైనది. శవములను కోసిన చేతులతో డాక్టర్లు బాలింతలను ముట్టుచున్నారనియు, సున్నపునీటివంటి క్లోరిను ద్రావణముతో చేతులు కడిగినచో మరణములు తగ్గుననియు 1847లో సెమ్మెల్వైసు అను వైద్యుడు నిరూపించెను. తోడి డాక్టర్లు ఆయనను నమ్మరైరి. మరియొకటి. అమెరికాలో స్త్రీరోగచికిత్సకు పితయని పొగడబడిన మారియన్ సిమ్స్ 1845 మొదలు 1849 వరకు తన శస్త్రచికిత్సను అలబామాలోని నల్లజాతి బానిస స్త్రీలపై, మత్తుమందు లేకుండ, మరల మరల ప్రయోగించి నేర్చుకొనెను. న్యూయార్కు తోటలోని ఆయన విగ్రహమును 2018లో తొలగించిరి. ఆ స్త్రీలను కూడ ఎవరును అడుగలేదు. కావున స్త్రీ 'వలదు' అన్నప్పుడు ఆ మాటవెనుక ఏమున్నదో వినకయే మూఢత్వమని కొట్టివేయుట తప్పు. భర్త వలదన్నమాట వేరు, ఆమె వలదన్నమాట వేరు. మన వ్యవహారమున ఈ రెంటికిని భేదము లేకుండపోవుటయే మా ఫిర్యాదు.

ఇక ఈ ప్రశ్న పట్టణమునుండి ఉత్తరపు టడవులకు పోయినప్పుడు ఏమగునో చూతము. కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలో జైనూరు మండలము కలదు. 2016వరకు అది ఆదిలాబాదు జిల్లాలోనిది. గోండులు, కొలాములు, ప్రధానులు, తోటీలు నివసించు కొండపల్లెల ప్రదేశము. 1940 దశాబ్దమున హైమెండార్ఫు పండితుడు భార్యతోకూడ వసించిన మార్లవాయి ఈ మండలములోనిదే. ఇచ్చటి గూడెములలో వానకాలమున వాగులు పొంగెనా, నిండుచూలాలిని మంచముపై మోసికొని దాటించు వార్తలు మన పత్రికలలో ఏటేట వచ్చుచునేయున్నవి. ఆరోగ్యకేంద్రములో సులభమైన కాన్పులను నర్సులే చేయుదురు. చిక్కు వచ్చినచో ఉట్నూరునకు, అచ్చటను కానిచో ఆదిలాబాదునకు పోవలెను.

ఒక రాత్రిని ఊహింతము. ఇది ఫలానాచోట జరిగినదని మేము చెప్పుటలేదు. ఎచ్చటనైన జరుగుటకు వీలున్నదనుచున్నాము. కాన్పు అయినది. బిడ్డ ఏడ్చినది. మాయ మాత్రము రాలేదు; రక్తము ఆగుటలేదు. నర్సు సూది వేసినది, పొత్తికడుపు నొక్కి మర్దించినది, ఫలము లేదు. రాత్రికొలువులో నున్నది ఇరువదియారేండ్ల యువకుడగు డాక్టరు. చేయి లోనికిపోనిచ్చి మాయను తీయవలెను, లేదా కనీసము గర్భాశయమును లోపలను వెలుపలను అదిమిపట్టి రక్తమును కట్టవలెను. బయట నిలుచున్న పెద్దలు వలదనిరి, ఉట్నూరునకు తీసికొనిపోదుమనిరి. 108 బండిని పిలిచిరి. ప్రసవానంతరపు రక్తస్రావము రెండుగంటలలో ప్రాణము తీయగలదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. బండి వచ్చుటకు కొంత, ఘాటుదారిలో పోవుటకు కొంత, అచ్చట డాక్టరమ్మను నిద్రలేపుటకు కొంత. పట్టణమున ఆడ డాక్టరును కోరుట ఒక వీథినుండి మరియొక వీథికి పోవుట. జైనూరులో అదే కోరిక రెండుగంటల పందెము.

ఇచ్చట మరియొక విశేషము గమనింపవలెను. ఆ గూడెపు స్త్రీకి తెలుగు డాక్టరు పురుషుడగుటకంటె ఆయన మాట ఆమెకు తెలియకపోవుట పెద్ద అడ్డు. ఆమె మాటలాడునది గోండి, లేక కొలామి. డాక్టరు తెలుగులో ఏదో యడుగును. ఆమె భర్తయో, మామయో నడుమ నిలిచి తమకు తోచినది చెప్పును. శరీరములో ఎచ్చట నొప్పియో, ఎప్పటినుండి రక్తమో, మామగారి నోటితో చెప్పించుకొనవలసిన స్త్రీ ఏమి చెప్పుకొనగలదు? తెర లేని మంచముపై, పదిమంది వచ్చిపోవు గదిలో, అర్థముకాని భాషలో కసరబడిన స్త్రీ మరల ఆ గుమ్మము త్రొక్కుటకు వెనుదీసినచో దానిని 'మగ డాక్టరన్న సిగ్గు' అని నివేదికలలో వ్రాసికొనుట సులభము. కసరినది నర్సే యైయుండవచ్చును.

ఆడ డాక్టరున్నంతమాత్రమున అన్నియు కుదిరిపోవునను నమ్మకమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. మన రాష్ట్రమున ఆసుపత్రి ప్రసవములు నూటికి 97 అని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన తేల్చెను. లక్ష కాన్పులకు తల్లుల మరణములు 2014–16లో 81 కాగా 2018–20 నాటికి 43కు దిగినవి. ఇది గొప్ప విజయమే. కాని అదే పరిశీలనలో కోతకాన్పులు నూటికి 60.7, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. కరీంనగరు జిల్లాలో నూటికి ఎనుబదికి మించినవి. ఆసిఫాబాదు జిల్లాలో అందులో సగమైనను లేవు. ఒకచోట అక్కరలేని కత్తి, మరియొకచోట కావలసినపుడు దొరకునో లేదో తెలియని కత్తి. ఈ కోతలలో పెక్కింటిని చేసినవారు స్త్రీవైద్యురాండ్రే. ఏలనన ఈ శాఖలో నున్నవారు వారే హెచ్చు. మేము వారిని నిందించుటలేదు. ముహూర్తము పెట్టించుకొని వచ్చు మనవారి పాపమును, ఆసుపత్రి యజమానుల లాభాపేక్షను వారి నెత్తిన రుద్దుట న్యాయము కాదు. డాక్టరు స్త్రీయా పురుషుడా యని విచారించి, అంతటితో మన బాధ్యత తీరినదని నిశ్చింతగా కూర్చుండు తండ్రులను, మామలను గూర్చి మాత్రమే చెప్పుచున్నాము. పైగా ఆ కోతకాన్పు గదిలో వెన్నులో సూదిపొడిచి మత్తు కలిగించు డాక్టరు అనేకపర్యాయములు మగవాడే. ఆయననుగూర్చి ఏ అత్తగారును అడుగగా మేము వినలేదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. పరీక్షకై మత్తుమందు పుచ్చుకొన్న ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేని సమయమున, తల్లి సమ్మతిని మాత్రము తీసికొని గర్భసంచిని, అండకోశములను తొలగించిరి. చేసిన డాక్టరు స్త్రీయే; సమ్మతించినది స్త్రీయే, కన్నతల్లి. అయినను వయసువచ్చిన రోగియొక్క స్వంతసమ్మతి లేనిదే, ప్రాణాపాయమునకు సంబంధింపని శస్త్రచికిత్స చేయుట చెల్లదని న్యాయస్థానము తేల్చెను. మనదేశపు న్యాయము అడుగుచున్న ప్రశ్న వైద్యుని లింగమును గూర్చి కాదు; ఆమెను అడిగితిరా యని.

కావలసిన నియమములు చాలవరకు ఇప్పటికే కాగితముపై నున్నవి. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖవారు ప్రభుత్వాసుపత్రులలో ప్రసవవేళ ఒక స్త్రీబంధువును తోడుగా ఉండనీయుటకు అనుమతించిరి. 2017 చివర ప్రారంభమైన లక్ష్య పథకము ప్రసూతిగదిలో తెరలు, మర్యాద, గోప్యత ఉండవలెనని విధించెను. 2019లో రాష్ట్రములకు పంపబడిన రోగుల హక్కుల పత్రము, పురుషవైద్యుడు స్త్రీని పరీక్షించునప్పుడు మరియొక స్త్రీ అచ్చట నుండుట ఆమె హక్కని చెప్పుచున్నది. చిన్న బాలికలపై జరుగు అత్యాచారముల విషయమున 2012 నాటి చట్టము వైద్యురాలే పరీక్షింపవలెనని నిర్బంధించినది, అది యుచితము. ఎచ్చట స్త్రీవైద్యురాలు తప్పనిసరియో, ఎచ్చట తోడు చాలునో చట్టము విడదీసి చెప్పినది. మనము మాత్రము అంతయు ఒకే మూటగట్టి 'ఆచార'మని పేరుపెట్టితిమి.

ఇంతకంటె మెరుగైన దారి మన ఉత్తర తెలంగాణమునందే మొదలైనది. 2017లో కరీంనగరున నర్సులకు, ఫెర్నాండెజ్ ఆసుపత్రివారి తోడ్పాటుతో, పదునెనిమిది మాసముల ప్రత్యేక ప్రసూతిశిక్షణ ప్రారంభింపబడెను. నాటి మంత్రసాని ఓర్పును నేటి శాస్త్రమును ఒక్కచేతిలో పెట్టు ప్రయత్నమది. ఇట్టి శిక్షణ పొందిన స్త్రీలు, అందును గోండి, కొలామి మాటలాడు కుటుంబములలోనుండి వచ్చినవారు, కొండప్రాంతపు కేంద్రములలో నున్నచో, నూటికి ఎనుబదికిపైగా కాన్పులలో డాక్టరు పురుషుడా స్త్రీయా యను ప్రశ్నయే పుట్టదు. మిగిలిన కాన్పులలో, మాయ రాని రాత్రియందు, ఆ స్త్రీయే రోగి ప్రక్కను నిలిచి, ఆమె చేయి పట్టుకొని, వచ్చినవాడెవరో, ఏమి చేయబోవుచున్నాడో ఆమె భాషలో చెప్పి, ఆమె 'ఊ' అన్న పిమ్మట డాక్టరును పిలువగలదు. తన స్వంత ప్రాణముకొరకు అడుగబడిన స్త్రీ, తిండివనపు భర్తలు చెప్పిన జవాబునే చెప్పునని మేము నమ్మజాలము. చెప్పెనేని, ఆ జవాబు ఆమెది. అప్పుడు డాక్టరు వెలుపల నిలిచి నర్సుచేత చేయించవలసినదంతయు చేయించుచు బండిని తొందరపెట్టవలసినదే.

ప్రభుత్వమువారిని మేము కోరునది పెద్దది కాదు. ప్రసూతిశాఖలోనికి రాగోరు యువకులను హాస్యముతో తరిమివేయక, కొండప్రాంతపు ఆసుపత్రులలో పనిచేయుటకు ముందుకు వచ్చువారికి తగిన స్థానము నీయవలెను. ఆడ డాక్టర్లు చాలినంతమంది ఆ యడవులకు రానప్పుడు వచ్చువానిని వలదనుట విలాసము. సమ్మతిపత్రములలో 'భర్త, లేక తండ్రి సంతకము' అను గీతకు పైన ఆమె సంతకమునకో, వ్రేలిముద్రకో గీత యుండవలెను. ఇక జైనూరువంటి కేంద్రములలో రాత్రివేళ గోండి తెలిసిన నర్సు ఒకరైనను కొలువులో నుండునట్లు చేయుటకు కొత్త చట్టము అవసరములేదు. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థవారును జిల్లా ఆరోగ్యాధికారులును ఒకనాడు కూర్చుండి కొలువుల పట్టికను సరిచేసిన చాలును.